ఇల్లు మినహాయింపు ఎలా అయింది

తీవ్ర వైకల్యం ఉన్న మనిషిని పొద్దున్నే మంచం మీద నుంచి లేపి, స్నానం చేయించి, బట్టలు తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడానికి ఒక సహాయకుడు కావాలి. అమెరికాలో పేదవారికి ఆ ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది. ఎక్కడ ఉంటే ఇస్తుందన్నదే ఆరు దశాబ్దాలుగా నలుగుతున్న తగాదా.

1965లో పేదవారి వైద్యం కోసం మెడికెయిడ్ పథకం పెట్టినప్పుడు, నర్సింగ్ హోమ్ ఖర్చును దానిలో చేరిన ప్రతి రాష్ట్రమూ భరించి తీరాలన్నారు. (మనం చిన్న ప్రైవేటు ఆసుపత్రిని ఆ పేరుతో పిలుస్తాం. అక్కడ అది ఏళ్ల తరబడి, తరచుగా చివరిదాకా ఉండిపోయే సంరక్షణ గృహం.) ఇంటి దగ్గర అందించే సాయాన్ని మాత్రం చాలావరకు రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. దీని వెనుక దురుద్దేశం వెతకనక్కరలేదు. పథకం వైద్యం కోసం పుట్టింది. వైద్యమంటే భవనం, పడకలు, నర్సులు అనుకున్న కాలమది.

ఆ ఊహకు ఎదురు తిరిగినవారిలో ముందు చెప్పుకోవలసింది ఎడ్ రాబర్ట్స్. 14 ఏళ్లకే పోలియో వచ్చి మెడ కింద శరీరం దాదాపు చచ్చుబడింది. రాత్రుళ్లు ఊపిరికి ఐరన్ లంగ్ (మనిషిని లోపల పడుకోబెట్టి ఊపిరాడించే పెద్ద పీపాలాంటి యంత్రం) కావాలి. 1962లో కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో సీటు దొరికింది కానీ, సుమారు 360 కిలోల ఆ యంత్రాన్ని మోయగల హాస్టల్ గది దొరకలేదు. చివరికి క్యాంపస్‌లోని కోవెల్ ఆసుపత్రిలో చోటిచ్చారు. తర్వాత అలాంటి విద్యార్థులు మరికొందరు వచ్చి చేరారు. ఒక్కచోట కూడినవారు ఊరుకుంటారా? ‘రోలింగ్ క్వాడ్స్’ (చక్రాల మీద తిరిగే, కాళ్లూ చేతులూ చచ్చుబడినవారు) అని పేరు పెట్టుకుని, స్వతంత్రం అన్న మాటకే అర్థం మార్చారు. చొక్కా గుండీ తానే పెట్టుకోగలగడం కాదు స్వతంత్రం. ఎవరు పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తాను చెప్పగలగడం. సహాయకుడిని ఎంచుకునేది, నచ్చకపోతే మార్చుకునేది సాయం పొందే మనిషే. 1972లో బర్క్లీలో మొదలైన, వికలాంగులే నడిపే స్వతంత్ర జీవన కేంద్రానికి పునాది ఇదే. ‘ఇతను ఉద్యోగానికి పనికిరాడు’ అని ఒకప్పుడు సాయం నిరాకరించిన కాలిఫోర్నియా పునరావాస శాఖకే 1975లో రాబర్ట్స్ డైరెక్టరయ్యారు.

అయినా డబ్బు దారి మారలేదు. అది ఎంత వింతగా ఉండేదో అయోవా రాష్ట్రపు పసిపిల్ల కేటీ బెకెట్ కథ చెబుతుంది. నెలల వయసులో మెదడువాపు వచ్చి వెంటిలేటర్ మీద బతుకుతున్న పిల్ల. మూడేళ్లకు ఇంటికి తీసుకెళ్లవచ్చన్నారు డాక్టర్లు. ఇంటి దగ్గర ఖర్చు ఆసుపత్రి ఖర్చులో ఆరో వంతే. కానీ ఆసుపత్రిలో ఉన్నంతకాలం తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కించని మెడికెయిడ్, పిల్ల ఆసుపత్రి గడప దాటిందంటే లెక్కించి సాయం ఆపేస్తుంది. ఆరింతలు ఇస్తాం, ఒక వంతు ఇవ్వం! 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ విలేకరుల ముందు ఈ పిచ్చి లెక్కను ఎత్తిచూపారు. డిసెంబరులో పిల్ల ఇల్లు చేరింది.

ఆ ఏడాదే ఇంటి సాయానికి ‘వెయివర్’ చట్టం వచ్చింది. వెయివర్ అంటే మినహాయింపు. కథంతా ఆ పేరులోనే ఉంది: నిబంధన సంస్థ (ఆసుపత్రి, నర్సింగ్ హోమ్ లాంటివి), మినహాయింపు ఇల్లు. పైగా మినహాయింపు ఎంతమందికి ఇవ్వాలో రాష్ట్రమే పరిమితి పెట్టుకోవచ్చు. వెయిటింగ్ లిస్టులు అలా పుట్టాయి.

1990లో వికలాంగుల హక్కుల చట్టం, ఏడీఏ, వచ్చింది. దాని ఆధారంగానే లోయిస్ కర్టిస్, ఎలేన్ విల్సన్ అనే ఇద్దరు మహిళల కేసు సుప్రీంకోర్టుకు చేరింది. సమాజంలో ఉండగలరని వైద్యులే చెప్పినా, వారిని జార్జియా ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలోనే ఉంచారు. అక్కడి నుంచి తీసుకెళ్లమని కర్టిస్ న్యాయవాదికి పదేపదే ఫోన్లు చేసేవారు. అకారణంగా సంస్థలో ఉంచడం వివక్షేనని 1999 జూన్ 22న కోర్టు తేల్చింది. బయటికొచ్చిన కర్టిస్ చిత్రకారిణి అయ్యారు; 2011లో శ్వేతసౌధానికి వెళ్లి తాను వేసిన బొమ్మను ఒబామాకు ఇచ్చారు.

అయితే అదే తీర్పులో ఇంకో మాట ఉంది. వెయిటింగ్ లిస్టు సహేతుకమైన వేగంతో కదులుతుంటే రాష్ట్రాన్ని తప్పుపట్టలేమని. 2013 నాటికి మెడికెయిడ్ దీర్ఘకాలిక సంరక్షణ ఖర్చులో ఇంటి సాయం వాటా సగం దాటింది. అయినా 2024 లెక్కల్లో ఆ లిస్టుల్లో సుమారు 7 లక్షల మంది ఉన్నారు. అర్హత ఉన్నవారికి నర్సింగ్ హోమ్ ఖర్చు ఇవ్వడానికి మాత్రం ఏ లిస్టూ లేదు. 1965 నాటి నిబంధన అలాగే ఉంది.