ట్రాన్సిస్టర్: పేరు అన్నకు, పని తమ్ముడికి

చిప్‌లో ట్రాన్సిస్టర్ల లెక్క కొత్త రికార్డు కొట్టిన ప్రతిసారీ పాత పేచీ మళ్లీ లేస్తుంది: కరెంటును పారనిచ్చి, ఆపే ఈ బుల్లి స్విచ్‌ను, అంటే ట్రాన్సిస్టర్‌ను, అసలు కనిపెట్టింది ఎవరు? 2024లో చిప్‌ల కంపెనీ ఎన్విడియా తన బ్లాక్‌వెల్ చిప్‌లో 20,800 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయంది. మరో కంపెనీ సెరెబ్రాస్ అయితే పళ్లెమంత చిప్ చూపించి 4 లక్షల కోట్లు అంది. 1960 నుంచి 2018 దాకా తయారైనవి ఎన్ని అంటే, అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అంచనా ప్రకారం 13 పక్కన 21 సున్నాలు. మనిషి చేసినవాటిలో ఇన్ని ఇంకేవీ లేవు.

1947 డిసెంబరులో అమెరికాలోని పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్, షాక్లీల బృందం తొలి ట్రాన్సిస్టర్ చేసింది, 1956లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది: కనిపెట్టింది వీళ్లేననే పక్షం చెప్పేది ఇదే. తర్వాత వచ్చినవన్నీ దానికి మెరుగులేనని ఆ పక్షం అంటుంది. కానీ పై లెక్కలో దాదాపు అన్నీ వేరే జాతివి. వాటి పేరు మాస్‌ఫెట్ (పొట్టిగా మాస్): లోహం, ఆక్సైడ్, సెమీకండక్టర్ పొరలతో చేసే ట్రాన్సిస్టర్.

నిజానికి 1945లో షాక్లీ చేయాలనుకున్నదీ ఇలాంటిదే. సెమీకండక్టర్‌ను (సిలికాన్ లాంటి పదార్థాన్ని) తాకకుండా, పక్కన వోల్టేజీ పెట్టి లోపలి కరెంటును అదుపు చేయాలి. లిలియన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1920ల్లోనే దీనికి పేటెంట్ అడిగాడు. షాక్లీ ప్రయోగం ఫలించలేదు. ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్లు ఇరుక్కుపోయి ఆ వోల్టేజీ ప్రభావాన్ని లోపలికి పోనివ్వడం లేదని బార్డీన్ తేల్చాడు. ఆ చిక్కుతో కుస్తీ పడుతుండగా మరో దారిలో దొరికిందే 1947 నాటి పరికరం. చిక్కు మాత్రం విడలేదు.

విప్పింది ఈజిప్టు నుంచి వచ్చి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మహమ్మద్ అటల్లా. సిలికాన్‌ను బాగా వేడి చేస్తే పైన గాజులాంటి ఆక్సైడ్ పొర కడుతుంది. దాని ఉపయోగాన్ని అదే ల్యాబ్‌లో ఫ్రాష్, డెరిక్ అంతకుముందే చూపించారు. సిలికాన్‌ను శుభ్రంగా కడిగి ఈ పొర పెంచితే ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్లు ఇరుక్కోవడం బాగా తగ్గుతుందని అటల్లా బృందం చూపింది. పొర మీద లోహపు గేట్ (వోల్టేజీ పెట్టే పలక) పెట్టి, కొరియా నుంచి వచ్చిన డావన్ కాంగ్‌తో కలిసి అటల్లా 1959లో మాస్‌ఫెట్ చేశాడు. మరుసటి ఏడు దాన్ని బయట చూపించారు. నా లెక్కలో మలుపు ఇదే. గేట్ గుండా కరెంటు దాదాపు పారదు, తయారీ సులువు, ఎంత చిన్నదిగా చేస్తే అంత లాభం. 13 పక్కన అన్ని సున్నాలు చేరింది అందుకే.

బెల్ ల్యాబ్స్ ఆసక్తి చూపలేదు. బైపోలార్‌తో (1947 నాటి పరికరం వంశంలోని ట్రాన్సిస్టర్లతో) పోలిస్తే ఇది నెమ్మది, నిలకడ తక్కువ అంది. అప్పటికి అది అబద్ధం కాదు. ఆక్సైడ్‌లో చేరిన సోడియం చాలాకాలం సతాయించింది. అయినా ఆర్‌సీఏ, ఫెయిర్‌చైల్డ్ కంపెనీలు వదల్లేదు. 1963లో ఫెయిర్‌చైల్డ్‌లో సీమాస్ (రెండు రకాల మాస్‌ఫెట్‌లను జతచేసి కరెంటు ఆదా చేసే పద్ధతి) పుట్టింది. 1971లో ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్ సుమారు 2,300 మాస్ ట్రాన్సిస్టర్లతో వచ్చింది.

1967లో కాంగ్, సైమన్ జీ కలిసి చేసిన ఫ్లోటింగ్ గేటే (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే మాస్‌ఫెట్ గేట్) ఫ్లాష్ మెమొరీకి మూలం. మ్యూజియం లెక్కలో సింహభాగం మెమొరీలదే. కాంగ్ 1992లో చనిపోయాడు. 2000లో భౌతిక శాస్త్ర నోబెల్‌లో సగం ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌కు (చిప్‌కు), దాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకడైన కిల్బీకి వెళ్లింది. అటల్లా, కాంగ్ పేర్లు అమెరికా ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది 2009లో. ఆ ఏడాది డిసెంబరు చివర్లో అటల్లా కన్నుమూశాడు.