తెలిసినవాళ్ల గురించి రాస్తే తప్పేంటి? వికీపీడియా జీవిత వ్యాసాల మీద ఇంత అనుమానం ఎక్కడ మొదలైంది

వికీపీడియాలో కొత్తగా అకౌంట్ తెరిచినవాళ్లలో చాలామంది మొదట ఎవరో ఒక మనిషి గురించే రాస్తారు, అదీ తమకు బాగా తెలిసిన మనిషి గురించి. తాతగారో, పీహెచ్‌డీ గైడో, ఆఫీసులో బాసో, తాము అభిమానించే గాయకుడో, కాదంటే నేరుగా తామే. ఇందులో వింతేం లేదు, తెలిసిందే కదా ఎవరైనా ముందు రాసేది. కానీ రాసి సేవ్ చేసిన కాసేపటికే పేజీ నెత్తిన ఒక నోటీసు పడుతుంది, ఇది రాసినవారికి ఈ వ్యక్తితో దగ్గరి సంబంధం ఉన్నట్టు కనిపిస్తోంది అని, ఒక్కోసారి దాని కిందే తొలగింపు ప్రతిపాదన కూడా. రాసినాయనకి ఒళ్లు మండుతుంది. నేనేమైనా డబ్బులు తీసుకున్నానా, ఒక్క అబద్ధమైనా రాశానా అని చర్చా పేజీలో గొడవ. ఆ కోపం న్యాయమైందే, ఎందుకంటే ఆ నోటీసు వెనకున్న ఇరవై ఏళ్ల చరిత్రలో పెద్ద రచ్చలు దాదాపు ఏవీ కొత్తవాళ్లు తమంతట తాము చేసినవి కావు. చేసినవాళ్లు వేరే, నోటీసు ముందు తగిలేది మాత్రం వీళ్లకి.

వికీపీడియా మొదలైంది 2001 జనవరిలో. అప్పట్లో ఎవరైనా ఏదైనా రాయొచ్చు, అసలు రాసేవాళ్లు దొరికితే చాలు అన్నట్టుండేది. సైటుకి పేరొచ్చి గూగుల్‌లో ఎవరి పేరు కొట్టినా వికీ పేజీ పైన కనపడటం మొదలయ్యాక అందరికీ అక్కడ తమ పేరు కావాలనిపించింది. తమ గురించి తామే రాసుకున్న పేజీల్ని ఇంగ్లీషు వికీలో 'వ్యానిటీ' పేజీలు అనేవాళ్లు, తొలగింపు చర్చల్లో ఒక ముక్కలో 'నాన్ నోటబుల్, వ్యానిటీ' అని రాసి పారేసేవాళ్లు. అంటే నీకంత సీన్ లేదు, డబ్బా కొట్టుకుంటున్నావ్ అని మొహం మీద చెప్పడమే. 2005లో ఇంకో రూల్ వచ్చింది, ఒక మనిషి ఎందుకు ముఖ్యమో పేజీలో ఎక్కడా కనపడకపోతే చర్చ గిర్చ లేకుండా అడ్మిన్ తీసేయొచ్చు. ఇప్పటికీ కొత్తవాళ్ల పేజీలు ఎక్కువగా పోయేది ఈ స్పీడీ డిలీషన్ లాంటి దారుల్లోనే.

అదే 2005లో రెండు ఘటనలు జరిగాయి, ఒకదాని నుంచి నేర్చుకున్నది ఒకలా ఉంటే రెండోది దానికి తిరగేసినట్టు ఉంటుంది.

మొదటిది జాన్ సీగెన్‌థాలర్ వ్యవహారం. ఈయన అమెరికాలో పేరున్న జర్నలిస్టు, ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ్ముడు రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేశాడు. 2005 మేలో ఎవరో లాగిన్ అవకుండా ఆయన పేజీలో కెనెడీ సోదరుల హత్యల్లో ఈయన మీద కూడా అనుమానం ఉండేదని రాసిపెట్టారు. నాలుగు నెలలకి పైగా అది అలాగే ఉండిపోయింది, ఎవడూ చూడలేదు. నవంబర్‌లో ఆయనే యూఎస్ఏ టుడేలో వ్యాసం రాసి ఉతికి ఆరేశాడు. తీరా చూస్తే అది రాసినతను తన ఆఫీసులో ఒకర్ని ఆటపట్టించడానికి సరదాగా రాశాడంట! దీంతో ఆ డిసెంబర్‌లోనే ఇంగ్లీషు వికీలో లాగిన్ అవనివాళ్లు కొత్త పేజీలు పెట్టకుండా ఆపేశారు, బతికున్నవాళ్ల జీవిత వ్యాసాలకి విడిగా కఠినమైన పాలసీ మొదలైంది, మూలం లేని వివాదాస్పద మాట కనపడితే చర్చ కోసం ఆగకుండా పీకేయడమే.

రెండోది ఇంకా ఇబ్బందికరమైంది. వికీపీడియా వ్యవస్థాపకుల్లో ఒకడైన జిమ్మీ వేల్స్ తన పేజీని తానే చాలాసార్లు దిద్దుకున్నాడని అదే డిసెంబర్‌లో బయటపడింది. లారీ సాంగర్‌ని సహ వ్యవస్థాపకుడు అన్న ముక్కని తీసేయడం, తన పాత కంపెనీ బోమిస్ గురించిన వర్ణనని మెత్తబరచడం, ఇలాంటివి. కంచే చేను మేసినట్టు అన్నమాట. అలా చేసి ఉండాల్సింది కాదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఒక పేజీని శత్రువు నాశనం చేయొచ్చు, అది సీగెన్‌థాలర్ కథ. ప్రేమ ఉన్నవాడు కూడా చేయొచ్చు, ఇది వేల్స్ కథ. జీవిత వ్యాసాల మీద ఉన్న రూల్స్ అన్నీ ఈ రెండు భయాల మధ్యే తిరుగుతాయి.

2006 జనవరిలో అమెరికా కాంగ్రెస్ సిబ్బంది గొడవ. మసాచుసెట్స్ ప్రతినిధి మార్టీ మీహన్ ఆఫీసు నుంచి ఆయన పేజీలో ఉన్నదంతా తీసేసి ఆఫీసులో రాసుకున్న బయోడేటా పెట్టారు, ఇన్నిసార్లకి మించి పోటీ చేయనని ఆయన ఇచ్చిన మాట తప్పిన సంగతి కూడా ఆ ఊపులో మాయమైంది. చేసింది ఎవరంటే ఒక ఇంటర్న్, ఆఫీసులో పెద్దాయన సరే అంటేనే చేశాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా గుర్తుండేది ఈ ఇంటర్నే. ఆ కుర్రాడి వైపు నుంచి చూస్తే అది ఒక ఆఫీసు పని, ఇదిగో ఫైల్, అక్కడ పెట్టు అన్నారు, పెట్టాడు. ఇప్పుడు ఇంగ్లీషు వికీ పాలసీలో ఇంటర్న్‌ల సంగతి విడిగా రాసి ఉంటుంది, జీతం లేకపోయినా సరే, పనిలో భాగంగా రాయమంటే వాళ్లని ఉద్యోగులుగానే లెక్కేస్తారని. చాలామంది కొత్తవాళ్లు ఆగిపోయేది ఇక్కడే, నాకు పైసా ఇవ్వలేదు కాబట్టి నాకు వర్తించదు అనుకుంటారు.

అదే ఏడాది మైవికీబిజ్ అనే పేరుతో ఒకాయన డబ్బులిస్తే మీ కంపెనీకి వికీ పేజీ రాసిపెడతాం అని బోర్డు పెట్టి మరీ దుకాణం తెరిచాడు, దాచకుండా. వేల్స్ అతన్ని బ్లాక్ చేశాడు. ఇప్పుడు వెనక్కి చూస్తే అదో పెద్ద పొరపాటు అనే వాదన ఉంది, దాచకుండా చేసేవాణ్ని తరిమేస్తే మిగతావాళ్లు దాచుకుని చేయడం నేర్చుకుంటారు కదా. ఆ వాదనలో బలం ఉందనే నాకనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత జరిగింది అచ్చం అదే. 2006లోనే 'వ్యానిటీ' అన్న పాత మార్గదర్శకం పేరు మార్చి 'కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రస్ట్', అంటే ప్రయోజనాల సంఘర్షణ, అని చేశారు, ఎవరి గురించి రాశారో వాళ్లని అవమానించే మాట పోయి రాసినవాళ్ల సంబంధం మీదకి చూపు మళ్లింది. 2007లో వికీస్కానర్ అనే టూల్ వచ్చి ఐపీ అడ్రస్‌లని బట్టి ఏ సంస్థ కంప్యూటర్ల నుంచి ఏ పేజీలు మారుస్తున్నారో బయటపెట్టేసరికి పేపర్లకి కొన్ని వారాలు పండగ. 2011 చివర్లో లండన్ పీఆర్ సంస్థ బెల్ పాటింజర్ క్లయింట్ల పేజీలు దిద్దుతోందని తేలింది.

2013లో వికీ-పీఆర్ బండారం బయటపడ్డాక ఆట మారింది. ఈ కంపెనీ వందల దొంగ అకౌంట్లతో, వికీ భాషలో సాక్ పప్పెట్లతో, క్లయింట్ల పేజీలు నడిపింది. 250కి పైగా అకౌంట్లని వికీపీడియన్లు బ్లాక్ చేశారని ఆ అక్టోబర్‌లో వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ ప్రకటించింది, తర్వాత నెలలో లీగల్ నోటీసు పంపింది. 2014 జూన్‌లో వాడుక నియమాలే మార్చారు: ప్రతిఫలం తీసుకుని రాస్తే ఎవరి కోసం, ఎవరు ఇస్తున్నారు, మీ సంబంధం ఏంటి, ఇవి బయటికి చెప్పాలి. డబ్బు తీసుకుని రాయడం నేరం అని ఎక్కడా అనలేదు, చెప్పకపోవడమే తప్పు అంది. ఈ తేడా చాలామంది పాత వికీపీడియన్లకే సరిగా ఎక్కలేదు, ఇంక కొత్తవాళ్లని అని ఏం లాభం.

ఇప్పుడు అసలు కథ, 2015 ఆగస్టు చివర్లో బయటపడ్డ ఆరెంజ్‌మూడీ. కొత్తవాళ్లకి ఇది తెలిసి తీరాలి. ఈ ముఠా కొత్తవాళ్లు రాసి రివ్యూకి పంపితే తిరస్కరించిన డ్రాఫ్టుల్ని వెతికేది, చిన్న వ్యాపారాలు, ఆర్టిస్టులు, ఇలాంటివాళ్లవి. ఆ డ్రాఫ్టులు అందరికీ కనపడేలా అక్కడే పడి ఉంటాయి, ఎందుకు తిరస్కరించారో కారణం కూడా పైనే రాసి ఉంటుంది. వీళ్లు ఆ మనిషిని పట్టుకుని, మేం వికీలో సీనియర్లం, ఇన్ని డాలర్లు కడితే మీ పేజీ ఎక్కిస్తాం అనేవాళ్లు, ఒక్కోసారి నిజంగా ఉన్న రివ్యూయర్ పేరే వాడేసేవాళ్లు. కట్టాక పేజీ ఎక్కేది, ఆ తర్వాత దాన్ని ఎవరూ తీసేయకుండా కాపలా కాస్తాం, నెలకి ఇంత అని ఇంకో బేరం. మొత్తం 381 అకౌంట్లు బ్లాక్ చేశారు, 210 పేజీలు తీసేశారు. పాపం ఆ డబ్బు కట్టినవాళ్లలో చాలామంది ఇది వికీపీడియా అధికారిక ఫీజే అనుకుని ఉంటారు. అంటే పనికిరాని పేజీలని ఆపడానికి కట్టిన రివ్యూ గోడే కొత్తవాళ్లని పట్టుకునే వలగా మారింది. మీ పేజీ మేం పెట్టిస్తాం అనే మెయిల్స్ ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వికీలో పేజీకి ఫీజు అనేది లేదు, ఎప్పుడూ లేదు.

2018లో ఇంగ్లీషు వికీ ఇంకో మెట్టు పెట్టింది, అకౌంట్ తెరిచి నాలుగు రోజులై కనీసం 10 దిద్దుబాట్లు చేస్తే తప్ప నేరుగా కొత్త వ్యాసం పెట్టలేరు, లేదంటే డ్రాఫ్టుగా పంపాలి. దీన్ని డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఎంత తేలిగ్గా దాటతారో రివ్యూయర్లని అడగండి. కొత్త అకౌంట్, ఎక్కడో పది పేజీల్లో ఒక కామా, ఒక స్పేస్, ఒక లింకు, ఐదో రోజు పొద్దున్నే సమాచారపెట్టె, వర్గాలు, ముప్పై మూలాలతో చక్కగా అమర్చిన జీవిత వ్యాసం ఒక్క దెబ్బలో ప్రత్యక్షం. అదే నిజంగా కొత్తవాడైతే? వాడుకరి పేరే వ్యాసం పేరు అయి ఉంటుంది, లేదా ఇంటిపేరు కలుస్తుంది. 'బహుముఖ ప్రజ్ఞాశాలి', 'చిన్ననాటి నుంచే కళలపై మక్కువ', 'ఎందరికో స్ఫూర్తి' అని ఉంటుంది. మూలాలు చూస్తే ఆయన సొంత వెబ్‌సైటు, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఇంటర్వ్యూ. పుట్టినరోజు, పిల్లల పేర్లు, ఏ స్కూల్లో చదివారో అన్నీ ఉంటాయి, ఒక్కదానికీ మూలం ఉండదు. ఇక ఫోటో, స్టూడియోలో తీసినట్టు నీట్‌గా ఉంటుంది, వికీ ఫోటోలు దాచే కామన్స్ సైటులో ఎక్కించేటప్పుడు 'నా సొంత కృతి' అని టిక్ పెట్టేస్తారు. ఆ ఒక్క టిక్‌తో రివ్యూయర్‌కి రెండు అనుమానాలు, ఫోటో తీసింది నువ్వైతే ఆయనకి దగ్గరివాడివి, నువ్వు కాకపోతే కాపీరైట్ సమస్య. అమాయకుడు పది చోట్ల దొరికిపోతాడు, ఆరితేరినవాడు ఒక్క చోట కూడా దొరకడు.

దొరికాక కూడా తిప్పలే. నువ్వు ఆయన కొడుకువి కదా అని చర్చా పేజీలో అడగడానికి లేదు, ఎందుకంటే ఎవరి అసలు గుర్తింపునీ వాళ్లు చెప్పుకోకుండా బయటపెట్టకూడదని ఇంకో గట్టి పాలసీ ఉంది, అది వేధింపుల కింద వస్తుంది. అందుకే రివ్యూయర్లు డొంకతిరుగుడుగా 'మీకు ఈ విషయంతో ఏదైనా సంబంధం ఉంటే తెలియజేయగలరు' అని రెడీమేడ్ మెసేజ్ పెడతారు. రాసినవాళ్లకి అది పోలీసు నోటీసులా వినపడుతుంది. నిజానికి అందులో అడిగేది సంబంధం గురించి మాత్రమే. మీ ఉద్దేశం మంచిదా చెడ్డదా, మీరు రాసింది నిజమా అబద్ధమా అన్న తీర్పు అందులో లేదు. కొడుకు నిజమే రాయొచ్చు. కానీ నాన్న జీవితంలో ఏది వదిలేయాలో కొడుకు ఎంచుకున్నప్పుడు ఆ ఎంపిక చదివేవాడికి కనపడదు కదా.

అనుమానం శ్రుతి మించితే ఏమవుతుందో కూడా 2018లోనే చూశాం. డోనా స్ట్రిక్‌లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త మీద వచ్చిన డ్రాఫ్టుని, విషయంతో సంబంధం లేని స్వతంత్ర మూలాలు చాల్లేదని ఆ ఏడాదే తిప్పిపంపారు. అక్టోబర్ 2న ఆవిడకి నోబెల్ ప్రకటించేసరికి ఇంగ్లీషు వికీలో ఆవిడకి పేజీ లేదు, ఆవిడతో పాటు బహుమతి పంచుకున్న జెరార్ మూరూకి ఉంది. రివ్యూయర్ రూల్ ప్రకారమే చేశాడు, అందులో తప్పు పట్టలేం. కాకపోతే ఒక ప్రొఫెసర్ గురించి యూనివర్సిటీ, వాళ్ల రంగంలోని సొసైటీలు కాక బయటివాళ్లు ఎంతమంది రాస్తారు చెప్పండి? పేపర్లు పట్టించుకోని మనిషి గురించి రాయాలనుకునేది ఎక్కువగా ఆ మనిషి తెలిసినవాళ్లే, వాళ్ల చేతిలో స్వతంత్ర మూలాలే ఉండవు.

ఇప్పుడున్న పద్ధతి ఏంటంటే, సంబంధం ఉన్నా రాయొచ్చు. వాడుకరి పేజీలో ఆ ముక్క చెప్పాలి, కొత్త వ్యాసమైతే డ్రాఫ్టుగా పంపాలి, ఉన్న పేజీలో మార్పు కావాలంటే నేరుగా దిద్దకుండా చర్చా పేజీలో అడగాలి. మీ మీద ఎవరైనా పచ్చి అబద్ధం రాస్తే, పేజీని కావాలని పాడుచేస్తే మాత్రం ఆగక్కర్లేదు, తీసేయొచ్చు, దానికి మినహాయింపు ఉంది. చదవడానికి ఇదంతా బానే ఉంది. కానీ అలా చెప్పి అడిగినవాళ్ల అభ్యర్థనలు క్యూలో పడి నెలల తరబడి ఉండిపోతుంటాయి, చూసేది వాలంటీర్లు, అదీ తీరిక దొరికినప్పుడు, కంపెనీ బయోడేటాలు చదవడం ఎవరికీ సరదా కాదు. చెప్పకుండా చేసేవాడి మార్పు మాత్రం పబ్లిష్ నొక్కగానే పేజీలో కనపడుతుంది. ఈ తేడాని తగ్గించడానికి ఇప్పటిదాకా వచ్చిన రూల్స్‌లో ఒక్కటీ పనికిరాలేదు, ఎందుకంటే అక్కడ కావాల్సింది ఇంకో రూల్ కాదు, ఆ క్యూ చూసే మనుషులు.