ఇంగ్లిష్ పద్యంలో గురువు ఎక్కడ?

'సిటీ' అనే మాటను ఛందస్సు తెలిసిన తెలుగువారి ముందు పెడితే తడుముకోకుండా చెప్పేస్తారు: 'సి' లఘువు, 'టీ' గురువు. ఇంగ్లిష్ వాళ్ల నోట్లో మాత్రం బరువంతా 'సి' మీదే పడుతుంది. పొట్టి అక్షరమే అయినా పద్యంలో పెద్దపీట దానిదే. ఇంగ్లిష్ ఛందస్సు మనకు కొరుకుడు పడకపోవడానికి అసలు కారణం ఇదే. మన గురులఘువులు కాలాన్ని కొలుస్తాయి: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. వాళ్లు కొలిచేది ఊనికను. ఊనిక పడినచోట గొంతు కాస్త గట్టిపడుతుంది, స్వరస్థాయి మారుతుంది, అచ్చు నిండుగా పలుకుతుంది. పడనిచోట అచ్చు చాలాసార్లు నలిగి, 'అ'కు దగ్గరగా ఉండే బలహీన ధ్వనిగా మిగులుతుంది. 'బనానా'లో రాతకు మూడుచోట్లా ఒకే అచ్చు. పలుకులో నడిమిదే నిండుగా వినిపిస్తుంది, అటూ ఇటూ ఉన్నవి నలిగిపోతాయి.

ఈ తేడా పట్టుబడితే మిగతాది మనకు తెలిసిన లెక్కే. ఊనిక ఉన్న అక్షరాన్ని గురువు అనుకోండి. అప్పుడు వాళ్ల గణాల్లో అయాంబ్ మన లగం (లఘువు, గురువు), అంటే వగణం. ట్రోకీ మన గలం (గురువు, లఘువు), అంటే హగణం. అనాపెస్ట్ సగణం (రెండు లఘువులు, ఒక గురువు), డాక్టిల్ భగణం (ఒక గురువు, రెండు లఘువులు). ఈ పేర్లు గ్రీకువి. గ్రీకు, లాటిన్ పద్యాలు మనలాగే అక్షరాల నిడివి మీద నడిచాయి. ఇంగ్లిష్ వాళ్లు పేర్లు తెచ్చుకుని కొలత మార్చుకున్నారు. 'ఫుట్' అనే మాటను చూసి పాదం అనుకోకూడదు. అది మన గణం. మన పాదం వాళ్లకు 'లైన్'.

ఇంగ్లిష్ కవి థామస్ గ్రే 1751లో ప్రచురించిన ఎలిజీ (స్మృతిగీతం) మొదటి పాదం చూడండి. నిలువు గీతలు గణాల హద్దులు:

ద కర్ | ఫ్యూ టోల్స్ | ద నెల్ | అవ్ పార్ | టింగ్ డే

పది అక్షరాలు, ఐదు లగాలు. దీన్నే అయాంబిక్ పెంటామీటర్ అంటారు. మన చెవికి 'ఫ్యూ' దీర్ఘం, కాబట్టి గురువు. అక్కడ అది తేలిక అక్షరం, ఎందుకంటే ఆ మాటలో ఊనిక 'కర్' మీద ఉంది. గణం మాటను మధ్యకు కోసేయడమూ గమనించండి. మన వృత్తాల్లోనూ అంతే కదా.

కొత్త పాదాన్ని విడదీసేటప్పుడు ముందు అక్షరాలు లెక్కపెట్టాలి, స్పెల్లింగు చూసి కాదు, నోటితో పలికి. తర్వాత ఒకటికి మించి అక్షరాలున్న మాటలకు నిఘంటువులో ఊనిక చూడాలి. చాలా నిఘంటువుల్లో చిన్న నిలువు గీత ఊనిక పడే అక్షరానికి ముందు ఉంటుంది. తర్వాత ఉంటుందనుకుంటే పాదమంతా తలకిందులవుతుంది. 'రికార్డ్' వంటివాటిలో అర్థం కూడా చూసుకోవాలి: నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండోదాని మీద. ఏకాక్షర పదాలను చివరికి ఉంచుకోండి. నామవాచకాలు, ప్రధాన క్రియలు, విశేషణాలు సాధారణంగా బరువు మోస్తాయి. ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు, సహాయక క్రియలు తేలిపోతాయి. అప్పటికి నడక దానంతటదే బయటపడుతుంది.

'ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్' గలాల నడక. నాలుగు గలాలకు ఎనిమిది ఉండాల్సినచోట ఏడే అక్షరాలు. చివరి తేలిక అక్షరం చోటును విరామం నింపుతుంది.

ఇక అందరూ తడబడే చోటు. షేక్స్పియర్ 18వ సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) మొదటి పాదం:

షల్ ఐ | కంపేర్ | దీ టు | అ సమ్ | మర్స్ డే

నమూనా ప్రకారం 'టు' గురువు స్థానంలో ఉంది, కానీ అది ప్రిపోజిషన్. దాన్ని గుద్ది పలికితే పద్యం ఎక్కాలు అప్పజెప్పినట్టు వినిపిస్తుంది. బల్ల మీద ఐదు తాళాలూ వేయండి. మూడో తాళం దగ్గర వేలు తగలాలి, గొంతు పెరగకూడదు. 'టు'కు పక్కనున్న 'దీ', 'అ' కంటే పిసరంత ఎక్కువ బరువిస్తే చాలు, నడక నిలుస్తుంది, మాట సహజంగానే ఉంటుంది.