నిలువ నీడ లేనివాళ్లు తెర మీదికి వచ్చిన దారి

ఇల్లులేనివాళ్ల బతుకు మీద ఇవాళ వస్తున్న వీడియో కళ వెనక ఒక పాత తగాదా ఉంది. వీధిలో పడుకున్న మనిషి వైపు కెమెరా తిప్పే హక్కు మనకెక్కడిది? ఈ ప్రశ్న గట్టిగా లేచిన ఊళ్లలో న్యూయార్క్ ఒకటి.

1974-75లో కళాకారిణి మార్తా రోస్లర్ అక్కడి బావరీ వీధిని ఫొటోలు తీశారు. తాగి పడిపోయినవాళ్ల వీధిగా దానికి పేరు. ఆమె ఫొటోల్లో మాత్రం మనుషులే లేరు: దుకాణాల గుమ్మాలు, ఖాళీ సీసాలు, పక్కన మత్తును చెప్పే రకరకాల మాటలు. జాలితో తీసిన ఫొటో కూడా ఎదుటి మనిషిని చూడదగ్గ వస్తువుగా మారుస్తుందని ఆమె అభ్యంతరం. నాకు అది ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది.

ఆ కాలంలోనే ఊళ్లో చవక అద్దె ఒంటిగది హోటళ్లు ఒక్కొక్కటిగా ఖరీదైన ఫ్లాట్లయిపోయాయి. మానసిక ఆసుపత్రులనుంచి పంపేసిన రోగులకు బయట ఆసరా లేదు. 1979లో పడిన కేసు ఫలితంగా, నిలువ నీడ లేని మగవాళ్లకు తలదాచుకునే చోటు ఇస్తామని 1981లో నగరం కోర్టులో ఒప్పుకుంది. అయినా పార్కుల్లో గుడారాలు పోలేదు. 1988 ఆగస్టు 6 రాత్రి టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులో, రాత్రిళ్లు అక్కడ ఉండకూడదన్న కర్ఫ్యూను వ్యతిరేకించినవాళ్లను పోలీసులు చితకబాదారు. స్థానిక కళాకారుడు క్లేటన్ ప్యాటర్సన్ దాన్ని గంటల తరబడి వీడియో తీశాడు. టేపు అప్పగించనన్నందుకు జైలుకూ వెళ్లాడు. కెమెరా వీధి మనిషి పక్షాన సాక్ష్యం చెప్పగలదని చాలామందికి అప్పుడే తెలిసింది.

పోలండ్‌లో పుట్టిన కళాకారుడు క్రిస్టోఫ్ వొడిచ్‌కో 1986లోనే న్యూయార్క్‌లోని యూనియన్ స్క్వేర్ విగ్రహాల మీద నిరాశ్రయుల బొమ్మలు ప్రసరింపజేయాలని ప్రతిపాదించాడు. అందులో అమెరికా అధ్యక్షుడు లింకన్ విగ్రహం చంకలో ఊతకర్ర కనిపిస్తుంది. ఆ ప్రతిపాదన అప్పట్లో గ్యాలరీ దాటలేదు. తర్వాత, ఖాళీ డబ్బాలు ఏరి ఒక్కోదానికి 5 సెంట్లు తెచ్చుకునేవాళ్లతో కూర్చుని మాట్లాడి, 1988-89లో ఒక తోపుడు బండి తయారుచేశాడు. పడుకునే చోటు, డబ్బాల అర, కడుక్కునే తొట్టి అన్నీ అందులోనే. ఇది ఇంటికి బదులు కాదని అతనే స్పష్టంగా చెప్పాడు. 1989లో రోస్లర్ డియా అనే కళాసంస్థలో పెట్టిన ప్రదర్శనలో వీడియోలతోపాటు నిరాశ్రయుల సంఘం ఒకటి తన ఆఫీసే తెరిచింది.

1992లో వొడిచ్‌కో వలస వచ్చినవాళ్ల కోసం ఒక చేతికర్ర చేశాడు. దాని పైభాగాన చిన్న తెర, అందులో కర్ర పట్టుకున్న మనిషే తన కథ చెప్తూ కనిపిస్తాడు. తెర బాగా చిన్నది కాబట్టి చూడాలంటే ఆ మనిషి దగ్గరికే రావాలి. వచ్చినవాళ్లు తెరలోని ముఖాన్నీ ఎదుట నిలబడ్డ ముఖాన్నీ పోల్చుకుంటారు, మాట కలుస్తుంది. ఈ తరహా పనుల్లో నాకు ఎక్కువ నచ్చేది ఇదే.

2014లో మాంట్రియల్‌లో అతను నిరాశ్రయుల నిలువెత్తు వీడియోలను ఒక పెద్ద థియేటర్ భవనం గోడమీద వేశాడు. 1986 నాటి బొమ్మలకు గొంతు లేదు. వీళ్లు మాత్రం తమ కథ తామే చెప్పారు.