హోటల్ పని: చెప్పిందే చెయ్యాలా?

కొత్తగా చేరిన ప్రతి సప్లయర్‌కీ మొదటి రోజే ఎవరో ఒకరు చెవిలో ఊదుతారు: "చెప్పింది చెప్పినట్టు చెయ్, సొంత తెలివి చూపిస్తే పంపించేస్తారు." చిట్యాల దగ్గర హైవే హోటల్లో ఫ్లోర్ చూసుకునే నాకు ఈ మాట వింటేనే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే దీన్ని నమ్మినవాళ్లే అందరికంటే ముందు అలసిపోయి మానేస్తున్నారు.

నిజానికి ఈ పనిలో నిలబడ్డవాళ్లంతా దాన్ని తమకు తగ్గట్టు కొంచెం మార్చుకున్నవాళ్లే. సంక్రాంతి ముందు పంతంగి టోల్ దాటి కార్లన్నీ విజయవాడ వైపు ఒకేసారి కదిలితే మా దగ్గర కుర్చీ దొరకదు. అలాంటి రోజు మిర్యాలగూడ కుర్రాడొకడు పిల్లలున్న టేబుల్ కనబడితే చాలు, మెనూ ఇవ్వకముందే పిల్లలకేం కావాలో అడిగి కేఓటీ (వంటింటికి వెళ్లే ఆర్డర్ చీటీ) కొట్టించేవాడు. పిల్లల ఏడుపు ఆగితే పెద్దల అరుపులు ఆగుతాయని వాడి లెక్క. అరిచేవాళ్లంటే వణికిపోయే ఇంకో అబ్బాయి, సప్లయర్లకి పని పంచే కెప్టెన్‌ని అడిగి పార్సిల్ కౌంటర్‌కి మారాడు. అక్కడ విసిగిపోయిన అక్క టేబుళ్లకి వచ్చింది, నలుగురితో మాట్లాడకపోతే ఆమెకి తోచదు మరి.

చదువుకున్నవాళ్లు దీన్ని జాబ్ క్రాఫ్టింగ్ అంటారు. 2001లో ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే అమెరికా పరిశోధకులు ఈ పేరుతో రాసినప్పుడు చెప్పిన ఉదాహరణల్లో ఆసుపత్రి క్లీనర్లున్నారు. తుడవడంతో ఆగకుండా రోగుల్నీ, వాళ్ల బంధువుల్నీ పలకరించడం కూడా తమ పనే అనుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు.

అంటే ఇష్టం లేని పని ఎగ్గొట్టడమా? కాదయ్యా. గొడవ టేబుల్ రాగానే స్టోర్ రూంలోకి జారుకుంటే ఆ బరువు పక్కవాడి మీద పడుతుంది, రెండు రోజుల్లో ఇద్దరికీ మాటలుండవు.

అనుభవం ఉన్నవాళ్లకే సాధ్యమా? అదీ తప్పే, ఆ మిర్యాలగూడ కుర్రాడు అప్పటికి కొత్తవాడు.

ఇక ఓనర్ల అపోహ: "వాళ్లే సర్దుకుంటారులే, మనుషులు తక్కువైనా నడుస్తుంది." నడవదు సార్. వారానికో సెలవు ఇవ్వకుండా డ్యూటీ మీద డ్యూటీ వేస్తే ఎంత తెలివైనవాడైనా చెయ్యగలిగేదేమీ ఉండదు.

అడిగితే తీసేస్తారేమో అని టెన్షన్ పడే తమ్ముళ్లూ, రష్‌లో మాత్రం అడక్కండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్లోర్ ఖాళీ అవుతుంది, కెప్టెన్ టీ పట్టుకుని కూర్చుంటాడు, అప్పుడు వెళ్లండి. "అన్నా, పార్సిల్ నేను చూస్తా, నా సెక్షన్ చూడ్డానికి అక్క ఒప్పుకుంది" అని బదులు మనిషిని చూసుకుని అడగండి. కాదన్నా సరే, అడిగినందుకు మా ఫ్లోర్ మీద ఎవర్నీ పంపించలేదు.