మొగల దగ్గర సర్వే గొడవ: మెషిన్‌కి ఇసుక కింద ఎంత కనిపిస్తుంది?

గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర, భైరవపాలెం, గాడిమొగ వైపు సర్వే బోటు తిరిగిందంటే అదే గొడవ మళ్ళీ మొదలు. అడుగున పాతిన గ్యాస్ పైపు ఎక్కడుందో, దాని మీద ఎంత మట్టి మిగిలిందో, కిందికి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీసే మెషిన్‌లో కనబడుతుందని సర్వేవాళ్ళంటారు. అంత కనబడితే మా వలలు అడుగున దేనికి తగులుకుని చిరుగుతున్నాయని వేటకెళ్ళేవాళ్ళు అడుగుతారు. పాసర్లపూడిలో 1995 బావి మంటలు, నగరంలో 2014 గ్యాస్ పైపు పేలుడు కోనసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, వాటి జోలికి పోను.

అసలు మలుపు అమెరికాలో, ఇసుక మీద వచ్చింది. నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, తడి ఇసుకలో 1700 దాకా. ఈ తేడా వల్ల నేలతో 28 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో, ఏటవాలుగా పంపిన శబ్దం ఇసుకలోకి దిగకుండా దాదాపు అంతా పైకే తిరిగిపోవాలి. కానీ 1979లో మ్యూర్, హార్టన్, థాంప్సన్ అనే పరిశోధకులు సన్నటి శబ్ద పుంజాలతో చేసిన ప్రయోగాల దగ్గర్నుంచి ఆ లెక్క కుదరడం లేదని తేలింది, దిగకూడని శబ్దం దిగుతోంది. ఎందుకు? 1956లో బయో అనే శాస్త్రవేత్త చెప్పిన, ఇసుక రేణువుల మధ్య నీటితో నడిచే నెమ్మది తరంగమే కారణమని 1990ల్లో చొటిరోస్ అనే పరిశోధకుడు వాదించాడు. ఇసుక పైన నీళ్ళు గీసే చిన్న చిన్న మడతలు శబ్దాన్ని చెదరగొట్టి లోపలికి తోస్తున్నాయని మిగతావాళ్ళన్నారు. 1999లో ఫ్లోరిడా తీరంలో జరిగిన పెద్ద ప్రయోగం తర్వాత మొగ్గు మడతల వైపే ఉంది.

మన గొడవకి తాళంచెవి ఇదే అని నా నమ్మకం. ఏటవాలుగా చూసినప్పుడు శబ్దం ఎంత దిగుతుందో ఆ మడతల ఎత్తు, దిక్కు నిర్ణయిస్తే, వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక మేటలు కదిలిపోయే మొగల్లో ఒక సీజన్‌లో తీసిన బొమ్మ ఇంకో సీజన్‌కి ఎలా పనికొస్తుంది?

బురదలో ఈ కోణం తంటా అంతగా లేదు, 3.5 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ మెత్తటి బురదలో పదుల మీటర్లు దిగుతుంది. అయితే మడ ఆకులు కుళ్ళే బురదలో మీథేన్ పుడుతుంది, దాని బుడగలు చేరిన చోట శబ్దం అక్కడే ఆగిపోయి, కింద ఏముందో పలక మీద తడిగుడ్డతో తుడిచేసినట్టు మాయమవుతుంది.

సర్వేవాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయలేం. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల (నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన గ్యాస్) ఆనవాలు ముందు దొరికింది శబ్దంతోనే, 2006లో తవ్వి రుజువు చేశారు. కానీ అది లోతు సముద్రం, ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీ, వేరే పని.

వేటకెళ్ళేవాళ్ళు అడుగుతున్నది న్యాయమే: ఏ నెలలో, ఏ కోణంలో చూశారో, ఎక్కడెక్కడ శబ్దం దిగలేదో మ్యాపులో గుర్తుపెట్టి ఊళ్ళో ఇవ్వండి. దిగని చోటుని "పైపు భద్రం" అని రాయకండి.