బండ వైపే వాలండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వసంతం సెలవుల్లో స్నేహితులతో కలిసి అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బఫెలో నదిలో కెనూ (తెడ్లతో నడిపే సన్నటి తేలిక పడవ) నడపబోతున్నామనీ, ఒకప్పుడు నేను అదే నదిలో మునిగిన కథ చెప్పమనీ మీరు రాసిన ఉత్తరం అందింది. మునిగిన మాట నిజమే. ఎందుకు మునిగామో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది కనుక, కథతోపాటు కారణం కూడా రాస్తున్నాను.

అది 1988 ఏప్రిల్ నెల. ఫాయెట్‌విల్‌లో చదువుకుంటున్న మేము ఆరుగురం మూడు అల్యూమినియం కెనూలు అద్దెకు తీసుకుని, పాంకా వంతెన దగ్గర నీళ్ళలోకి దింపాము. అందరం కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళమే, చిన్నప్పటి నుంచీ కాలువల్లో ఈదినవాళ్ళమే కావడంతో నీళ్ళ సంగతి మాకు తెలుసుననే ధీమా ఉండేది. అయితే కాలువలో నీరు లాకుల దగ్గర మనిషి వదిలితే వస్తుంది, బఫెలో మీద ఆనకట్టే లేదు. దాని మీద ఆనకట్టలు కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నీల్ కాంప్టన్ అనే వైద్యుడూ ఆయన మిత్రులూ 1962లో ఓజార్క్ సొసైటీని స్థాపించి ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 1972 మార్చి 1న అది అమెరికాలో మొట్టమొదటి జాతీయ నది, అంటే ఆనకట్టలు లేకుండా పారేలా ప్రభుత్వం కాపాడే నది, అయింది. ఆపేవాళ్ళు లేని నది కనుక, కొండల్లో రాత్రి వాన పడితే తెల్లవారేసరికి నీటిమట్టం పెరిగి ఉంటుంది. మేము దిగిన ముందురోజు రాత్రి వాన పడింది. గొడుగులు తెచ్చుకోలేదని విచారించామే తప్ప, నది గురించి ఒక్కరమూ ఆలోచించలేదు.

కెనూలో వెనుక కూర్చున్నవాడు దారి తిప్పాలి, ముందు కూర్చున్నవాడు రాళ్ళను కనిపెట్టి చెప్పాలి. మా పడవలో ముందు కూర్చున్నది నేను. నీళ్ళలో ఒక పెద్ద బండ కనబడగానే "కుడి! కుడి!" అని కేక పెట్టాను. పడవను కుడికి తిప్పమని నా ఉద్దేశం. వెనుక ఉన్న మిత్రుడు కుడి పక్కన తెడ్డు వేయమంటున్నాననుకున్నాడు. కుడి పక్కన తెడ్డు వేస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. "ఒరేయ్, కుడి అంటుంటే వినబడదా!" అని నేను అరిచినకొద్దీ అతడు మరింత బలంగా కుడి పక్కనే వేశాడు. ఈ ఒక్క మాటకు అర్థమేమిటో మీరు ఒడ్డున ఉండగానే ఖాయం చేసుకోండి. నీళ్ళలో తేల్చుకునే వ్యవధి ఉండదు.

పడవ అడ్డం తిరిగి, వడి తోస్తుండగా, పక్కవాటుగా బండకు ఆనుకుంది. అసలు తప్పు అప్పుడు చేశాము. బండను చూసి భయపడినవాడు దానికి దూరంగా, అంటే ఎగువ వైపుకు ఒరుగుతాడు. మేమిద్దరమూ అదే చేశాము. అలా ఒరిగినప్పుడు పడవ ఎగువ అంచు కిందికి దిగుతుంది, వచ్చే ప్రవాహమంతా ఆ అంచు మీదుగా లోపలికి దూకుతుంది, ఇక పడవ తలకిందులు కావడానికి క్షణం చాలు. అదే బండ వైపుకు వాలి, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంటే ఎగువ అంచు లేచేది, నీరు అడుగు నుంచి జారిపోయేది, మెల్లగా బండను తోసుకుంటూ మేము తప్పుకునేవాళ్ళం. ఇది చదివితే సులువుగానే ఉంటుంది, కానీ ఒళ్ళు ఒప్పుకోదు. అందుకని ముందు రోజు లోతులేని నిలకడ నీళ్ళలో నాలుగైదు సార్లు అలా వాలి చూడండి.

నీళ్ళలో పడ్డాక నేను రెండో తప్పు చేశాను. నీరు తొడల లోతే ఉందని గ్రహించి లేచి నిలబడబోయాను. కుడి పాదం రెండు రాళ్ళ సందులో ఇరుక్కుంది. వెనుక నుంచి నీరు వీపును ముందుకు నెడుతోంది, పాదం కదలదు. బూటు తాడు సరిగా కట్టుకోని నా బద్ధకమే ఆ రోజు నన్ను కాపాడింది. పాదం ఊడి వచ్చింది, కాన్వాసు బూటు అక్కడే ఉండిపోయింది. వడిగా పారే నీళ్ళలో ఎప్పుడూ నిలబడకండి. వెల్లకిలా తేలుతూ, కాళ్ళు దిగువ వైపుకు చాపి పైకి ఎత్తి ఉంచి, నీరు నెమ్మదించాకే లేవండి. నీరు నిండిన పడవకు దిగువన అసలు ఉండకండి, దాని బరువు వందల కిలోలు ఉంటుంది, మనిషిని బండకేసి నొక్కేస్తుంది. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పను, అది లేనివాళ్ళు ఒడ్డునే ఉండాలి.

మా రెండో పడవేమో, నీళ్ళలోకి ఒరిగి పడి ఉన్న ఒక సికమోర్ చెట్టు కొమ్మల్లో దూరింది. అదృష్టవశాత్తూ అక్కడ వడి తక్కువ. పడిపోయిన చెట్టు జల్లెడ లాంటిది, నీటిని పోనిస్తుంది, మనిషిని పోనివ్వదు. కొమ్మలు కనబడగానే వాటికి దూరంగా తెడ్డు వేయండి.

మా పులిహోర స్టీలు డబ్బా మాత్రం, తుండుగుడ్డ చుట్టి మూత బిగించినది, ఒక ఫర్లాంగు దిగువన పెద్ద బండ చాటున నీళ్ళ మీద నెమ్మదిగా తిరుగుతూ దొరికింది. బండకు ఇరుపక్కలా వడిగా వెళ్ళిన నీరు దాని వెనుక వెనక్కు మళ్ళి నిదానిస్తుంది. అలసినప్పుడు పడవను అక్కడికి చేర్చి ఊపిరి పీల్చుకోవచ్చు. మేము అక్కడే పులిహోర తింటూ, మూడో పడవలోని మిత్రుడి వల్ల నీటి మీది గుర్తులు నేర్చుకున్నాము. నున్నటి నీరు బాణంలా మొన దిగువకు చూపితే అది దారి, మొన మన వైపుకు తిరిగి ఉంటే అక్కడ నీటి కింద రాయి ఉన్నట్టు.

ఆ తరువాత మళ్ళీ మునగలేదు. కానీ 500 అడుగులకు పైగా నిటారుగా లేచిన బిగ్ బ్లఫ్ అనే సున్నపురాతి కొండ పక్క నుంచే వెళ్ళినా, నేను బాణాలు వెతుకుతూ నీళ్ళవైపే చూస్తుండటంతో దాన్ని సరిగా చూడనే లేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది. చీకటి పడే వేళకు కైల్స్ రేవులో ఒంటి బూటుతో దిగి, సొట్ట పడిన పడవకు జరిమానా కట్టాము.

బయలుదేరే రోజు ఉదయం పాంకా వంతెన దగ్గర నీటిమట్టం కనుక్కోండి, ఎక్కువగా ఉందంటే ఆ రోజు కొండలెక్కి చూడండి. పొడి బట్టలు ఒక జత నీరు చొరని సంచిలో పెట్టుకోండి, ఆ నెలల్లో నీరు చల్లగా ఉంటుంది. మీ ఇద్దరిలో వెనుక ఎవరు కూర్చునేదీ, "కుడి" అంటే ఏమని అనుకున్నదీ నాకు జవాబులో రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య